మా ఆయన ఒప్పుకోడు

చీరల అంగడి నడపాలంటే సరుకు ఒక్కటే చాలదు, నమ్మకమైన అబద్ధం కూడా ఒకటి ఉండాలి. నా అబద్ధం పేరు వెంకటరమణయ్య. ఆయన నా మొగుడు.

మా ప్రొద్దుటూరులో చీర కొనడానికి ఒక పద్ధతి ఉంది. వచ్చినామె నచ్చిన చీరను చూసి ముందు ముఖం చిట్లించాలి. నేను చెప్పిన ధరకు సగం అడగాలి. నేను చెవులు మూసుకోవాలి. ఆమె లేచి గడప దాకా పోవాలి, నేను వెనక్కి పిలవాలి. ఈ తతంగమంతా అయ్యాక, ఇక దిగడానికి మెట్టు లేదనుకున్న చోట నేను గొంతు తగ్గించి, "నాకు ఇయ్యాలనే ఉండాది గానీ అమ్మా, మా ఆయన ఒప్పుకోడు" అంటాను. బేరం అక్కడితో తెగిపోతుంది. ఎదురుగా లేని మనిషితో ఎవరు పోట్లాడతారు? ఆమె మా ఆయన్ను నాలుగు తిట్టి, నా మీద జాలిపడి, చీర తీసుకుని పోతుంది. ఏళ్ళ తరబడి ఇలాగే తిన్నాం, ఇల్లు కట్టాం.

నిజానికి మా ఆయన నోట్లో 'లేదు' అనే మాట పుట్టదు. మీసం, కనుబొమ్మలు చూస్తే పులివెందుల బస్టాండులో కూడా జనం పక్కకు తప్పుకుంటారు కానీ, లోపలంతా వెన్నముద్దే. మా పెళ్ళయిన కొత్తలో మామగారు ఆయన్ను అంగట్లో కూర్చోబెట్టి భోజనానికి పోయారు. తిరిగొచ్చేసరికి అంగడి జనంతో కిటకిటలాడుతోంది. అందరూ మేం కొన్న ధరకే పట్టుకుపోతున్నారు. ఆ మర్నాడే మామగారు ఆయన్ను సరుకు తెమ్మని ధర్మవరానికి తరిమి, తెల్లగుడ్డ పరిచిన పరుపు మీద నన్ను కూర్చోబెట్టారు. అప్పటినుంచి ఆ పరుపు నాదే.

మొన్న జమ్మలమడుగులో రెండో అంగడి తెరిచాం. ఆయన రోజూ పొద్దున బస్సెక్కి అక్కడికి పోయి పొద్దుగూకాక వస్తారు. పోయిన కొద్ది రోజులకే ఇక్కడి అంగడి మీద బెంగ పట్టుకుంది. బెంగ అని ఒప్పుకోవడానికి మీసం అడ్డం వచ్చిందేమో, దొంగల భయం అన్నారు. ఉమైర్‌ను పిలిపించారు. ఉమైర్ కువైట్‌లో పెద్ద పెద్ద బంగళాలకు కెమెరాలు బిగించి వచ్చిన మనిషి. ఇప్పుడు ఊళ్ళోనే సొంతంగా ఆ పని చేసుకుంటున్నాడు.

అతను నిచ్చెనెక్కి, నా పరుపుకు సరిగ్గా ఎదురుగా పైకప్పుకు ఒక తెల్లని గుండ్రటి కెమెరా బిగించాడు.

"అన్నా, మీ వైఫై రెండు పేర్లతో వస్తాండాది. ఈ కెమెరాకు ఒకటే పడతాది. రెండోదానికి కలిపితే ఎర్రలైటు మిణుకుమిణుకుమంటా ఉంటాది, అంతే. మీరు ఫోన్‌లో చూస్తా ఉంటే పచ్చలైటు వెలుగుతాది" అన్నాడు. తర్వాత పాస్‌వర్డ్ అడిగాడు.

"మా అమ్మ పేరు పెట్టప్పా" అన్నారు మా ఆయన.

"వద్దన్నా. ఊర్లో సగం కెమెరాలకు అమ్మ పేర్లే ఉండాయి. ఎవరైనా ఇట్టే తెరుస్తారు."

"అట్లయితే గౌరీ పేరు పెట్టు" అన్నారు నన్ను చూపించి.

"అది ఇంకా సులభం కదన్నా" అని ఉమైర్ నవ్వి, మనిషన్నవాడికి నోరు తిరగని పాస్‌వర్డ్ ఒకటి పెట్టి, ఆయన చేత మూడుసార్లు కొట్టించాడు.

ఆ తర్వాత ఫోన్‌లో నల్లచుక్కల చదరం ఒకటి తెరిచి, దాన్ని కెమెరా కంటి ముందు పట్టుకున్నాడు. కెమెరా కుయ్‌మని, ఎవరో ఆడమనిషి గొంతుతో ఇంగ్లీషులో ఏదో అంది. మా అంగట్లో ఒక మూల మిషన్ వేసుకుని చీరలకు ఫాల్ కుట్టే బిస్మిల్లా బీ గబుక్కున తల మీదికి కొంగు లాక్కుంది.

"యా అల్లా! దీనికి నోరు గూడా ఉండాదా?"

"నోరు, చెవులు అన్నీ ఉండాయి పెద్దమ్మా. శెట్టన్న జమ్మలమడుగులో ఫోన్‌లో మాట్లాడితే ఈడ వినపడతాది. మీరు ఈడ మాట్లాడేది ఆయనకు వినపడతాది. మెడ గూడా ఉండాది, చూడు." ఉమైర్ ఫోన్ మీద వేలు జరిపాడు. కెమెరా మెల్లగా ఎడమకు తిరిగి, కుడికి తిరిగి, మళ్ళీ నా వైపు చూస్తూ ఆగింది.

"అచ్చం గూబ మాదిరే" అంది బిస్మిల్లా బీ. ఆ రోజునుంచి మా ఇద్దరికీ దాని పేరు గూబ. గూబ ఇంట్లో దూరితే మంచిది కాదని మా పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

తనను దాంట్లో చూపించడానికి వీల్లేదని బిస్మిల్లా బీ పట్టుబట్టింది. ఉమైర్ ఆమె మిషన్ ఉన్న మూలకు నల్లతెర పడేట్టు ఫోన్‌లోనే సర్దాడు. ఆ మూలలో ఏం జరిగినా మా ఆయనకు చీకటే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మూడు రోజులు గూబ నోరెత్తలేదు. నాలుగో రోజు కొండాపురం నుంచి ఒకామె కూతురి పెళ్ళికి చీరలు తీసుకోవడానికి వచ్చింది. ముఖం చిట్లించడం, చెవులు మూసుకోవడం, గడప దాకా పోవడం అన్నీ పద్ధతిగా జరిగాయి. నేను గొంతు తగ్గించాను.

"నాకు ఇయ్యాలనే ఉండాది గానీ అమ్మా, మా ఆయన ఒప్పుకోడు."

"ఒప్పుకుంటా గౌరీ" అంది పైకప్పు. "ఇచ్చేయ్. పాపం, ఊరు ప్రాజెక్టు నీళ్ళలో మునిగి కాలనీలకు వచ్చినోళ్ళు."

కొండాపురం ఆమె పైకి చూసింది, నన్ను చూసింది, మళ్ళీ పైకి చూసి దణ్ణం పెట్టింది. "నువ్వు సల్లగుండల్ల అన్నా! ఈమె మాటలు విని నిన్ను రాక్షసుడనుకుంటి."

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బిస్మిల్లా బీ మాత్రం మిషన్ మీద తల వాల్చి భుజాలు కదిలేట్టు నవ్వుతోంది.

ఇలాంటి వార్తకు బస్సు టికెట్టు అక్కరలేదు. వారం తిరక్కుండా ఆడవాళ్ళు వచ్చి నా వైపు కాకుండా పైకప్పు వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. చీర నా చేతిలో ఉంటుంది, బేరం పైకి పోతుంది. "రమణయ్యన్నా! బాగుండావా? తిన్యావా? ఈ చీర చూడన్నా, అంచు ఈడ కొంచెం నలిగిండాది." నలగలేదు, వాళ్ళే నలిపారు. "ఇచ్చేయ్ గౌరీ" అంటుంది గూబ. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నేను దాచిన సరుకంతా ఆయన పైనుంచి పంచిపెడుతున్నారు. పులివెందుల నుంచి ఒక జీపుడు ఆడవాళ్ళు దిగి, "కెమెరా అంగడి ఇదేనామ్మా?" అని అడిగిన రోజు నాకు కడుపు మండిపోయింది.

నేనూ ఊరికే కూర్చోలేదు. గూబ ముందు ఒక పట్టుచీర వేలాడదీశాను. అది మెడ తిప్పి పక్కనుంచి చూసింది. ప్లగ్గు పీకేశాను. పక్కంగడి రఫీకి ఫోన్ చేసి, "మా అంగట్లో కరెంటు పోయిందేమో చూడప్పా" అన్నారు మా ఆయన. రఫీ వచ్చి చూసి, చక్కగా ప్లగ్గు పెట్టి పోయాడు. ఇంటికొచ్చాక మొత్తుకుంటే, "గిరాకీ ఎంత పెరిగిందో చూడు" అని మీసం దువ్వుకున్నారు. జన్మలో మొదటిసారి ఆడవాళ్ళందరూ ఆయన్ను మంచివాడంటున్నారు. ఆ మత్తు సారా కంటే చెడ్డది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఆ రోజు కమలాపురం నుంచి వచ్చినామె నాతో బేరం తెగక పైకి చూసి, "ఈమెతో వేగలేకుండాం రమణయ్యన్నా" అంది.

"వచ్చే సోమవారం రా తల్లీ" అంది గూబ. "సుధీర్ అని సేల్స్‌మన్‌ను పెడతాండా. గౌరీ ఇంక ఇంట్లో విశ్రాంతి తీసుకుంటాది. అంతా నేనే ఈడనుంచి చూసుకుంటా."

అంగట్లో అందరూ నన్నే చూశారు. చేతిలోని చీర మడత పెట్టబోతే మడత కుదరలేదు. నా పరుపు పోతోందన్న సంగతి నాకు పైకప్పు చెప్పింది, అదీ పదిమంది ముందు. అంత అవమానం నాకు అత్తగారింట్లో కొత్తకోడలుగా ఉన్నప్పుడు కూడా జరగలేదు.

ఆ సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే అడిగాను.

"మోకాళ్ళ నొప్పి అంటా ఉంటివి కదా గౌరీ" అన్నారు. "నీ మోకాళ్ళ కోసమే."

"నా మోకాళ్ళు జమ్మలమడుగుకు వచ్చి మీకు చెప్పినాయా?"

ఆయన నిజంగానే నా మంచికే అనుకుంటున్నారు. అదే ఇంకా కాల్చింది. చెడ్డవాడితో అయితే పోట్లాడవచ్చు, ఇలాంటి మంచివాడిని ఏం చేయాలి? ఆయన రోగానికి ఆయన మందే వేయాలనుకుని, అన్నం వడ్డిస్తూ మెత్తగా అన్నాను. "మీ అంగట్లో గూడా ఒక కెమెరా పెట్టిద్దాం. కొత్త ఊరు, దొంగలు ఉంటారు. నా ఫోన్‌లో గూడా చూసుకుంటా ఉంటా. ఎట్లా ఇంట్లో విశ్రాంతే కదా."

లేదనడం ఆయనకు రాదు కదా. మర్నాడే ఉమైర్ జమ్మలమడుగుకు పోయి, అలాంటిదే ఇంకో గూబను బిగించి వచ్చి, నా ఫోన్‌లో తెరిచి చూపించాడు. "ఈ గుండ్రం వత్తి మాట్లాడల్ల అక్కా. వేలు తీస్తే నోరు మూసుకుంటాది" అన్నాడు. నాకు అంతకంటే కావాల్సింది లేదు.

నేను బిస్మిల్లా బీ మూలకు చేరాను. నల్లతెర మూల. చీకటి సరే, చెవులు ఉన్నాయి కాబట్టి, "మిషన్ తొక్కు బిస్మిల్లా బీ" అన్నాను. ఆమె మిషన్ గడగడలాడించింది. ఆ చప్పుడులో నేను చెప్పాల్సింది చెప్పాను. జమ్మలమడుగులో ఆమె చెల్లెలు ఖాతూన్‌బీ ఉంది. ఖాతూన్‌బీ బేరానికి దిగిందంటే అమ్మేవాడు పైన ఇంకో రవికగుడ్డ ఇచ్చి, గడప దాకా సాగనంపి వస్తాడు.

"యా చీర అడగమనల్ల?" అంది బిస్మిల్లా బీ.

"అద్దాల బీరువాలో ఉండేది. నెమలికంఠం రంగుది."

బిస్మిల్లా బీ కాలు ఆగిపోయింది. ఆ చీర సంగతి ఆమెకూ తెలుసు. ధర్మవరంలో మగ్గం దగ్గర కూర్చుని, రంగు తానే ఎంచి, మా ఆయన నేయించిన చీర అది. అమ్మడానికి కాదు, జమ్మలమడుగు అంగడికి కళ అని పెట్టుకున్నారు. రోజూ తన పైపంచెతో ఆ అద్దం తుడుస్తారు.

"మళ్ళీ తిరిగిచ్చేయల్ల, చెప్పు మీ చెల్లెలికి. ఊరికే ఆట" అని ఆమె చెవిలో అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం గిరాకీ పలచగా ఉంది. ఇద్దరం మూలలో ఫోన్ మీదికి వంగి కూర్చున్నాం. జమ్మలమడుగు అంగట్లో మా ఆయన పరుపు మీద ఉన్నారు. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు. ఖాతూన్‌బీ బురఖా సర్దుకుంటూ వచ్చి, కూర్చోకుండానే బీరువా వైపు చేయి చూపింది.

"అది ఇయ్యి శెట్టీ."

"అది అమ్మేది కాదమ్మా."

"అమ్మనిది అంగట్లో ఎందుకు పెట్టినావు? నా కూతురు అదే కావాలంటాండాది. కొన్న రేటుకు ఇచ్చేయ్. ప్రొద్దుటూరులో నీ అంగట్లో అందరికీ ఇచ్చినావంట కదా. మేమేం పాపం చేసినాం?"

చుట్టూ ఉన్నవాళ్ళు, "అవునప్పా, ఇయ్యి" అన్నారు. మా ఆయన బీరువాను చూశారు, ఖాతూన్‌బీని చూశారు. పైపంచెతో మెడ తుడుచుకున్నారు. నోరు తెరిచి మూశారు. 'లేదు' అనే మాట ఆయన గొంతులో ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టే ఉంది. దొరకలేదు. చివరికి గొంతు తగ్గించి, అచ్చం నా మాదిరే తగ్గించి అన్నారు.

"నాకు ఇయ్యాలనే ఉండాది గానీ అమ్మా, మా ఆమె ఒప్పుకోదు."

నాకు నవ్వు వచ్చింది. వెంటనే జాలి కూడా వేసింది. ఇన్నేళ్ళు నేను ఆయన పేరు వాడుకున్నాను, ఇప్పుడు ఆయనకు నా పేరు అవసరమైంది. ఒక్క క్షణం వదిలేద్దామా అనిపించింది. కానీ సోమవారం, సుధీర్, పదిమంది ముందు మడత కుదరని ఆ చీర గుర్తొచ్చాయి. గుండ్రం మీద వేలు వత్తాను.

"ఒప్పుకుంటా సామీ" అన్నాను. "ఇచ్చేయండి. పాపం, ఎండనబడి వచ్చినట్టుండాది."

మా ఆయన తల పైకెత్తారు. ఆ ముఖం ఫోన్‌లో అరచేతంత కనబడింది. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా పైకి తిరిగారు. "ఎవరమ్మా? గౌరమ్మా? బాగుండావా గౌరమ్మా? ఈ చీర గూడా చూడు తల్లీ!" నేను చూశాను. అన్నీ చూశాను. ఆ మధ్యాహ్నం గౌరమ్మ అంత ధర్మాత్మురాలు కడప జిల్లాలో లేదు. ఇచ్చేయండి, పాపం. ఇచ్చేయండి, పిల్లలుగలామె. చివరికి ఆయన అంగడి తలుపు సగం మూసి నాకు ఫోన్ చేశారు.

"ఏంది గౌరీ ఇది? అంగడి ఎత్తిపెట్టిస్తావా?"

"గిరాకీ ఎంత పెరిగిందో చూడండి" అన్నాను.

సాయంత్రం ఆయన వచ్చి, మజ్జిగ తాగి, అరుగు మీద కూర్చున్నారు. నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అంగట్లో ఎవరో ఒకరు లేదనల్ల" అన్నాను. "మీకు ఆ మాట రాదు. నాకు వచ్చు. మీ అమ్మానాన్నలు ఉన్నప్పటినుంచి ఆ పరుపు మీద కూర్చొని నేను చేసింది అదొక్కటే. అది తీసేస్తే ఇంట్లో నాకు మోకాళ్ళ నొప్పి తప్ప ఇంకేం మిగలదు. మీరు చూడండి, రోజంతా చూడండి. నోరు మాత్రం తెరవొద్దు. ఆ సుధీర్‌ను మీ అంగట్లో కూర్చోబెట్టుకోండి. ఈడికి వద్దు."

ఆయన మీసం కొస కొరుకుతూ, "ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే ఎట్ల గౌరీ పలకకుండా ఉండేది?" అన్నారు.

నేను మజ్జిగ గ్లాసు తీసుకుని లోపలికి పోయాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. పొద్దున్నే లేచి బస్సుకు వెళ్ళిపోయారు. సోమవారం దగ్గరకొచ్చేసింది. ఆ మధ్యలో నా పుండు మీద ఇంకొంచెం కారం పడింది. ఖాతూన్‌బీ నెమలికంఠం చీర తిరిగి ఇవ్వలేదు. "గౌరమ్మే పైనుంచి ఒప్పుకునింది కదా, ఇంక ఆటేంది?" అందట. ఆమెను తప్పుపట్టడానికి లేదు.

శనివారం నాడు పులివెందుల నుంచి ఒకామె తన ఆడబిడ్డలను వెంటేసుకుని వచ్చింది. రావడం రావడమే పైకప్పుకు ఎదురుగా సర్దుకుని కూర్చుంది. చీర ఎంచుకుంది, సగం అడిగింది. నేను అలవాటు చొప్పున, ఇక చెల్లదని తెలిసి కూడా అన్నాను.

"మా ఆయన ఒప్పుకోడమ్మా."

ఆమె నవ్వింది. "మాకు తెలీదా ఏంది? రమణయ్యన్నా! ఓ రమణయ్యన్నా!"

గూబ పలకలేదు. పచ్చలైటు మాత్రం వెలుగుతోంది. ఆయన చూస్తున్నారు. బిస్మిల్లా బీ మిషన్ ఆపేసింది. పిలిస్తే పలక్కుండా ఎన్నిసార్లు ఉండగలరు ఆ మనిషి?

"ఏందన్నా, మాట్లాడవు? సరే, ఈమెతో నాకెందుకు? సోమవారం కొత్త సేల్స్‌మన్ వస్తాడంట కదా, అప్పుడే వచ్చి నీ రేటుకు తీసుకుంటా. సోమవారం రావల్నా అన్నా? చెప్పు."

అంగడంతా పైకి చూసింది. నేను కూడా చూశాను.

గూబ కదిలింది. మెల్లగా ఎడమకు తిరిగింది. మెల్లగా కుడికి తిరిగింది. మళ్ళీ ఎడమకు, మళ్ళీ కుడికి. జమ్మలమడుగులో ఎక్కడో ఆయన బొటనవేలు ఫోన్ మీద అటూ ఇటూ పోతోంది. నోటికి రాని మాటను ఆయన జన్మలో మొదటిసారి మెడతో అన్నారు. ఆ తర్వాత గూబ తిన్నగా నా వైపు తిరిగి ఆగింది.

"అబ్బ, మీ ఆయన శానా గట్టోడే" అంది పులివెందుల ఆమె, గొంతు తగ్గించి.

నా కళ్ళు ఎందుకో చెమ్మగిల్లాయి. కొంగుతో తుడుచుకుని, పరుపు మీద సర్దుకుని కూర్చుని, చీరను చక్కగా మడతపెట్టి ఆమె ఒళ్ళో పెట్టాను.

"చెప్తి కదమ్మా" అన్నాను. "మా ఆయన ఒప్పుకోడని."